కవరు మీద రాసిన ఉత్తరం: బేరింగ్ టపా నుంచి విమానం వైఫై దాకా

ఈ ఎపిసోడ్‌కి కారణం మీలో చాలామంది అడుగుతున్న ఒకే ప్రశ్న. "అన్నా, ఫ్లైట్‌లో వైఫై కనెక్ట్ అవుతుంది, మెసేజ్‌లు మాత్రం ఫ్రీగా పోతాయి, మిగతాది ఏది ఓపెన్ చేసినా డబ్బులు కట్టమంటుంది. దాన్ని దాటే ట్రిక్ ఏమైనా ఉందా?"

ట్రిక్ చెప్పను. ముందే చెప్పేస్తున్నా, దాని కోసమే వచ్చినవాళ్ళు స్క్రోల్ చేసుకోవచ్చు. కానీ ఈ ప్రశ్న కొత్తది కాదు. విమానాలు లేనప్పుడు కూడా ఉంది, కరెంటు లేనప్పుడు కూడా ఉంది. మన అనంతపురం జిల్లాలో అయితే ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు దీనికి జవాబు కనిపెట్టినవాళ్ళే. కాకపోతే వాళ్ళెవరూ దాన్ని "హ్యాకింగ్" అని పిలవలేదు.

మొదట ఉత్తరం సంగతి. 1840కి ముందు ఇంగ్లాండులో ఉత్తరం పంపినవాడు కాకుండా అందుకున్నవాడు డబ్బు కట్టే పద్ధతి ఎక్కువగా ఉండేది. అప్పట్లో కవి కోల్‌రిడ్జ్ పేరు మీద ఒక కథ బాగా తిరిగేది. ఒకామెకు అన్నయ్య దగ్గర్నుంచి ఉత్తరం వస్తే, డబ్బు లేదని వెనక్కి ఇచ్చేస్తోందట. ఈయన జాలిపడి డబ్బు కట్టి ఇప్పించాడు. ఆమె తర్వాత చెప్పిందట, లోపల తెల్ల కాగితమే ఉంటుంది సామీ అని. ఉత్తరం వచ్చిందంటే అన్న బాగున్నట్టు. అంతే, వార్త చేరిపోయింది, పైసా ఖర్చు లేదు. తపాలా సంస్కరణలు తెచ్చిన రోలండ్ హిల్ కూడా ఇలాంటి కథల్ని వాడుకునే, ముందే డబ్బు కట్టి స్టాంపు అంటించే పద్ధతి కావాలని వాదించాడు. 1840లో స్టాంపు వచ్చింది.

మన దేశంలో 1854లో దేశమంతటికీ ఒకే రేటు పెట్టారు, తేలికపాటి ఉత్తరానికి అర్ధణా. 1879లో కాలణా కార్డు వచ్చింది. స్టాంపు లేకుండా వేస్తే? దాన్ని పారేయరు. అందుకునేవాడి దగ్గర రెట్టింపు వసూలు చేస్తారు. అదే బేరింగ్ ఉత్తరం. మీ తాతలనడిగితే ఈ మాట వినగానే నవ్వుతారు. ఎందుకంటే బేరింగ్ ఉత్తరాన్ని తీసుకోవాలా వద్దా అనేది అందుకునేవాడి ఇష్టం, కానీ పైనున్న అడ్రసు చూడ్డానికి మాత్రం డబ్బు లేదు. చేతిరాత చూశారు, ఏ ఊరి ముద్రో చూశారు, మనిషి బతికున్నాడని తెలిసిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మిగతా ఎపిసోడ్ అంతా ఈ ఒక్క పాయింట్ మీదే నడుస్తుంది. డబ్బు తీసుకునేవాడు కవరు లోపలున్న దానికి రేటు పెడతాడు. కవరు మీద ఉన్నదాన్ని ఫ్రీగా చూడనిస్తాడు, చూడనివ్వకపోతే ఉత్తరం ఎవరికి పోవాలో తేలదు కాబట్టి. లేనివాడు ఏం చేస్తాడు? విషయాన్ని కవరు మీదికి తెస్తాడు.

టెలిగ్రాంలో ఇదే ఆటని సర్కారే ఆడింది. మాటకింత అని రేటు కాబట్టి, పెళ్ళికి, పండక్కి, పరీక్ష పాసైనందుకు తయారుగా ఉన్న వాక్యాలకు నంబర్లు ఇచ్చింది. నంబరు రాస్తే చాలు, అవతలి ఆఫీసులో మొత్తం వాక్యం రాసి ఇచ్చేవాళ్ళు. ఇంజనీర్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే ఇది కంప్రెషన్, రెండు వైపులా ఒకే డిక్షనరీ ఉంది. 2013 జూలైలో టెలిగ్రాం సర్వీసు మూసేసేదాకా ఈ నంబర్లు బతికే ఉన్నాయి.

తర్వాత ఎస్టీడీ బూత్‌లు. పసుపు బోర్డు, అద్దాల గది, ఎర్ర అంకెలు గిర్రున తిరిగే మీటరు. రాత్రి పొద్దుపోయాక రేటు తగ్గేది కాబట్టి జనం అప్పుడే వచ్చి నిలబడేవాళ్ళు. ఇంట్లో ఫోన్ లేనివాళ్ళు శుభలేఖల మీద, విజిటింగ్ కార్డుల మీద పక్కింటి నంబరు వేసి పక్కన "పీపీ" అని రాసుకునేవాళ్ళు. పెద్దగా చెప్పుకోడానికి ఏం లేదు గానీ ఆ పీపీ అనే రెండక్షరాలు నాకు చాలా ఇష్టం. ఒక వీధికంతా ఒక కనెక్షన్. ఇప్పుడు మనం హాట్‌స్పాట్ ఆన్ చెయ్యి బ్రో అంటున్నామే, అదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మిస్డ్ కాల్.

1995 జూలై 31న మన దేశంలో మొదటి మొబైల్ కాల్ జరిగింది, కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో సుఖ్‌రామ్. అప్పట్లో చేసినందుకే కాదు, వచ్చిన కాల్ ఎత్తినందుకూ డబ్బే. నిమిషానికి రూపాయలు రూపాయలు. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది, చేసినవాడే కట్టాలి. అదే ఏడాది రిలయన్స్ వాళ్ళు 501 రూపాయలకు ఫోన్ అని ఊరూరా పంచారు. 2006లో దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అన్నారు. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అంది. ఈ తేదీలు వరసగా పెట్టుకుని చూస్తే ఫోన్ చేతిలోకి రావడం ఒక ఎత్తు, అందులో బ్యాలెన్స్ ఉండడం ఇంకో ఎత్తు అని తెలుస్తుంది.

ఇప్పుడు అనంతపురాన్ని ఆ టైములో ఊహించుకోండి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన, అదీ పడితే. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల లెక్కలో జైసల్మేర్ తర్వాత మన పేరే చెప్తారు. చెనక్కాయ వేస్తే పోయింది, వెయ్యకపోయినా పోయింది. కదిరి, మడకశిర, హిందూపురం పక్క పల్లెల నుంచి జనం మూట కట్టుకుని బెంగళూరు పోయేవాళ్ళు, ఇప్పటికీ పోతున్నారు. బిల్డింగ్ పనికి. ఇంట్లో ముసలోళ్ళు, చిన్నపిల్లలు. మధ్యలో ఒక చిన్న నోకియా ఫోన్, పది రూపాయల రీచార్జ్.

ఆ పది రూపాయలు నెలంతా రావాలి. ఎలా వస్తాయి? మాట్లాడకుండా మాట్లాడితే వస్తాయి.

ఒక రింగ్ ఇచ్చి కట్ చేస్తే "చేరినా". రెండు రింగులైతే "నువ్వే చెయ్యి". పొద్దున ఆరింటికి ఒక మిస్డ్ కాల్ వస్తే "పనికి పోతాండా". రాకపోతే ఇంట్లో కంగారు. ఏ ఇంటి కోడ్ ఆ ఇంటిది. దీన్ని ఎవరూ నేర్పలేదు, ఏ కంపెనీ యాడ్ ఇవ్వలేదు. టెక్నికల్‌గా ఏం జరుగుతోందో చూడండి. మీరు డయల్ చేయగానే నెట్‌వర్క్ అవతలి ఫోన్‌ని వెతకాలి, రింగ్ కొట్టించాలి, మీ నంబరు చూపించాలి. ఇదంతా సిగ్నలింగ్. దీనికి రేటు లేదు. అవతలివాళ్ళు ఎత్తాకే మీటరు మొదలు. అంటే నంబరు, రింగు, టైము, ఈ మూడూ కవరు మీద ఉన్నవి. మనవాళ్ళు ఉత్తరమంతా ఆ మూడింట్లోనే రాసేశారు. కాయిన్ బాక్స్‌లో రూపాయి వేసి, అవతల ఎత్తకుండా కట్ చేసి, రూపాయి తిరిగి జేబులో వేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

నెట్‌వర్క్ కంపెనీలకు ఇది నష్టమే. వాళ్ళ లైన్లు పని చేస్తాయి, పైసా రాదు. కానీ దీని మీదే వ్యాపారం చేసినవాళ్ళూ వచ్చారు. 2010లో బెంగళూరులో జిప్‌డయల్ అనే కంపెనీ మొదలైంది. మిస్డ్ కాల్ ఇస్తే క్రికెట్ స్కోరు, మిస్డ్ కాల్ ఇస్తే ఆఫరు. 2015 జనవరిలో ట్విట్టర్ దాన్ని కొనేసింది. కూలికి పోయినోళ్ళు పైసలు మిగుల్చుకోడానికి కనిపెట్టిన అలవాటు చివరికి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పోయింది. కనిపెట్టినోళ్ళకి రాయల్టీ ఏం రాలేదు, అది వేరే సంగతి.

జిల్లాలో ఇంకో వాడకం ఉంది, అది నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, రోజుకు 7 గంటలు. కానీ ఆ 7 గంటలు ముక్కలు ముక్కలుగా, సగం అర్ధరాత్రి. బోరు దగ్గరికి చీకట్లో పోయి మోటరు ఆన్ చెయ్యాలి. పాములు, తేళ్ళు, తడి చేత్తో స్టార్టర్. అలా పోయి తిరిగి రానివాళ్ళున్నారు. తర్వాత మొబైల్ స్టార్టర్లు వచ్చాయి, ఒక సిమ్ వేసిన డబ్బా. కొన్నిట్లో మిస్డ్ కాల్ ఇస్తే చాలు, డబ్బా కాల్ కట్ చేసి మోటరు తిప్పుతుంది. ఇంట్లో మంచం మీద నుంచి నీళ్ళు. మనమిప్పుడు స్మార్ట్ హోమ్, ఐఓటీ అని వీడియోలు చూస్తాం. ధర్మవరం పక్కన చేలల్లో ఉన్న డబ్బాని కూడా ఆ లిస్టులో వేసుకోండి.

సరే, ఇప్పుడు ఇంటర్నెట్.

2009 నుంచి 2013 దాకా ఇంజనీరింగ్ హాస్టళ్ళలో ఉన్నవాళ్ళకి "హ్యాండ్లర్" అంటే చెప్పక్కర్లేదు. ఈ వీడియో చూసే చిన్నవాళ్ళకి చెప్తా. అప్పుడు డేటా ప్యాక్ వేసుకోకపోతే కిలోబైట్లకు లెక్క, పది కేబీకి ఇన్ని పైసలు అని. ఒక పాట డౌన్‌లోడ్ చేస్తే బ్యాలెన్స్ ఖాళీ. కానీ ప్రతి ఆపరేటర్‌కీ సొంత పోర్టల్ ఒకటి ఉండేది, కాలర్ ట్యూన్లు, వాల్‌పేపర్లు అమ్ముకోడానికి. అది చూడ్డం ఫ్రీ. షాపులోకి రావడానికి టికెట్ పెట్టరు కదా.

గేటు దగ్గర ఉన్న సిస్టం ఏం చూసేది? మీరు అడిగిన అడ్రసులో ఆ ఫ్రీ పోర్టల్ పేరు ఉందా లేదా అని. మార్చిన ఒపేరా మినీలో ఒక ఖాళీ డబ్బా కనిపించేది, దాంట్లో ఆ పోర్టల్ పేరు రాస్తే ప్రతి రిక్వెస్ట్‌కీ ముందు ఆ పేరు తగిలించి పంపేది. గేటు ఆ పేరు చూసి పొమ్మనేది. లోపల ఉన్నది ఇంకేదో సైటు. మళ్ళీ కవరే! ఈసారి కవరు మీద తప్పు అడ్రసు రాసి లోపల ఉత్తరం పెట్టారు.

మా ఇంటర్ హాస్టల్లో ఒక సీనియర్ ఉండేవాడు, వారానికోసారి కొత్త సెట్టింగ్ చెప్పేవాడు. ఆ వారం పనిచేసేది, పై వారం ఆపరేటర్ మూసేసేది. ఆయన చుట్టూ రాత్రి గుంపు. ఆయన ఇప్పుడు నెట్‌వర్క్ సెక్యూరిటీలో పని చేస్తున్నాడు, ఆశ్చర్యం ఏం లేదు.

కానీ అప్పుడు ఎవరూ మాట్లాడని విషయం ఒకటి ఉంది. ఆ మార్చిన యాప్ ఎవరు మార్చారో తెలీదు. మధ్యలో ఉన్న ప్రాక్సీ ఎవరిదో తెలీదు. జీమెయిల్ పాస్‌వర్డ్ దాంట్లోంచే పోయేది. అప్పుడు పోయినా జీమెయిలే. ఇప్పుడు మీ ఫోన్లో బ్యాంకు, యూపీఐ, ఓటీపీ అన్నీ ఉన్నాయి. టెలిగ్రామ్ చానెళ్ళలో "ఫ్రీ నెట్ ఏపీకే" అని ఇంకా తిరుగుతున్నాయి. ఉత్తరం ఫ్రీగా తీసుకుపోతా అన్న ముక్కూమొహం తెలీని మనిషి చేతికి కవరు తెరిచి ఇచ్చినట్టే అది.

ఇంకో మలుపు 2015లో వచ్చింది. ఈసారి గోడ దూకింది జనం కాదు, గోడ కట్టినవాడే మన దగ్గరికి వచ్చి ఫ్రీ అన్నాడు. ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ వాళ్ళు రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ మొదలుపెట్టారు. మొదట ఇచ్చిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి, భాషల్లో తెలుగు ఉంది. కొన్ని పదుల సైట్లు ఫ్రీ. వీడియోలు, ఇంటర్నెట్ కాల్స్ వద్దని రూల్. గూగుల్ సెర్చ్ లేదు, యూట్యూబ్ లేదు. తర్వాత దానికే ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చారు.

ఇది మంచిదా చెడ్డదా అని దేశమంతా కొట్లాడుకుంది. ఒక్క ఏప్రిల్‌లోనే ట్రాయ్‌కి పది లక్షల పైగా మెయిళ్ళు వెళ్ళాయి. అవతలి వైపు వాదన కూడా చిన్నదేం కాదు: ఏమీ లేనివాడికి కొంచెమైనా దొరకనివ్వండి, మీకు వైఫై ఉంది కాబట్టి మాట్లాడుతున్నారు అని. కరువు సీమలో పుట్టినోడిగా ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. కానీ నేను ఒప్పుకోను. వాన తక్కువ పడే ఊళ్ళో ట్యాంకర్ తెచ్చి, ఏ వీధికి నీళ్ళు పొయ్యాలో ట్యాంకర్ ఓనరే నిర్ణయిస్తే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రేపు ఒక పిల్లోడు అనంతపురంలో కూర్చుని చెనక్కాయ ధరలు చెప్పే సైటు పెడితే, అది ఆ ఫ్రీ లిస్టులో ఉండాలా వద్దా అని ఎవరో అమెరికా నుంచి ఓకే చెప్పాలి.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చేసింది. ఏ సైటు చూస్తున్నారన్న దాన్ని బట్టి డేటాకి వేరు వేరు రేట్లు పెట్టకూడదు. పెడితే రోజుకు 50,000 రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా. మూడు రోజుల్లో ఫేస్‌బుక్ ఇక్కడ ఆ సర్వీసు ఆపేసింది. అదే ఏడాది సెప్టెంబర్ 5న జియో వచ్చింది, నెలల తరబడి మొత్తం నెట్టే ఫ్రీ. హ్యాండ్లర్లు ఆ రోజే చచ్చిపోయాయి. సీనియర్లకి పని లేకుండా పోయింది.

అదే 2016లో అంగోలాలో ఏం జరిగిందో చూడండి. అక్కడ ఫ్రీ బేసిక్స్ కూడా ఉంది, డేటా ఖర్చు లేకుండా వికీపీడియా చూడనిచ్చే వికీపీడియా జీరో కూడా ఉంది. జనం ఏం చేశారు? సినిమాలని, పాటలని వికీమీడియా కామన్స్‌లో వేరే ఫైళ్ళ రూపంలో దాచి ఎక్కించారు. లింకులు ఫేస్‌బుక్ గ్రూపుల్లో పంచుకున్నారు. రెండూ ఫ్రీ కాబట్టి సినిమా ఫ్రీ. వికీపీడియా వాలంటీర్లు తల పట్టుకున్నారు, ఒకపక్క కాపీరైట్ దొంగతనం, ఇంకోపక్క వీళ్ళు మొదటిసారి నెట్ చూస్తున్న పేద పిల్లలు. తిట్టాలా, ఎడిటింగ్ నేర్పాలా అని పెద్ద చర్చ. అంగోలా పిల్లలు, మా హాస్టల్ సీనియర్ ఒకే క్లాసులో కూర్చోవాల్సినవాళ్ళు.

ఇప్పుడు విమానం. అనంతపురం నుంచి విమానం ఎక్కాలంటే 44వ నంబర్ హైవే పట్టుకుని దేవనహళ్ళి పోవాల్సిందే, 2008 నుంచి మన ఎయిర్‌పోర్ట్ అదే అనుకోండి. ఆకాశంలో ఇంటర్నెట్ 2004 మే నెలలో లుఫ్తాన్సా విమానంలో మొదలైంది, బోయింగ్ కంపెనీ సర్వీసు అది. గిట్టుబాటు కాక 2006లో మూసేస్తున్నామన్నారు. 2008 నుంచి అమెరికాలో గోగో అనే కంపెనీ నేల మీది టవర్ల నుంచి పైకి సిగ్నల్ పంపింది. మన దేశంలో రూల్స్ 2018 డిసెంబర్‌లో వచ్చాయి. దేశం లోపల తిరిగే విమానాల్లో ఎయిర్ ఇండియా 2025 జనవరి 1న మొదలుపెట్టింది.

విమానంలో వైఫై కనెక్ట్ అవ్వగానే కనిపించే పేజీ, అదే గేటు. మీరు డబ్బు కట్టేదాకా అది కొన్నిటినే వదులుతుంది: ఎయిర్‌లైన్ సైటు, పేమెంట్ పేజీ, కొన్నిచోట్ల మెసేజ్‌లు. ఇంకోటి కూడా వదులుతుంటుంది, చాలామందికి తెలియనిది, డీఎన్‌ఎస్. సైటు పేరు చెప్తే దాని నంబరు చెప్పే ఫోన్ డైరెక్టరీ లాంటిది. ఆ పేమెంట్ పేజీ తెరుచుకోవాలన్నా డైరెక్టరీ కావాలి కదా. 2000 ప్రాంతంలోనే కొందరు దీన్ని పట్టుకున్నారు. అడిగే పేరులోనే విషయం దాచెయ్యడం, జవాబులో విషయం దాచి పంపడం. 2004లో డాన్ కామిన్‌స్కీ అనే సెక్యూరిటీ ఇంజనీర్ దీని మీద టూల్స్ చూపించి అందరికీ తెలిసేలా చేశాడు. డైరెక్టరీలో "చేరినా" అనే పేరుగల మనిషి నంబరు అడిగినట్టు. అలాంటి మనిషి లేడు, కానీ అడిగిన మాట అవతలికి చేరిపోయింది. మూడు వేల రూపాయల నోకియాకి, ముప్పై ఐదు వేల అడుగుల ఎత్తులో ఉన్న ల్యాప్‌టాప్‌కి తేడా ఇంతే.

ఇప్పుడు గేట్లు కూడా తెలివి మీరాయి. ఒకే చోటికి వందల వింత పేర్లు అడిగితే పట్టేసుకుంటాయి. పైగా ఆ దారి నత్త నడక.

చట్టం సంగతి అంటారా, ఐటీ చట్టం 43వ సెక్షన్‌లో అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లోకి పోవడం ఉంది. చట్టం పక్కన పెట్టినా నాకు ఇది మిస్డ్ కాల్ లాంటిది కాదనిపిస్తుంది. మిస్డ్ కాల్‌లో గేటు ఎవరూ విరగ్గొట్టలేదు, ఇచ్చిన దాన్నే వాడారు. విమానంలో శాటిలైట్ లింకు అందరికీ కలిపి ఒకటే పైపు. మనం దొంగగా లాగితే పక్క సీటులో డబ్బు కట్టి, దుబాయ్ నుంచి ఇంటికొస్తూ "అమ్మకి ఎట్లుంది" అని అడుగుతున్న మనిషి మెసేజ్ ఆగుతుంది. అయినా మెసేజ్ ఫ్రీ ఉంటే స్కోరు కావాలన్నా కింద ఉన్న దోస్తుని అడగండి, టైప్ చేసి పంపుతాడు. అది తప్పు కాదు, మీ తాత వాడిన పద్ధతే.

మిస్డ్ కాల్ పోయిందనుకుంటున్నారేమో, పోలేదు. 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు యూపీఐ 123పే అని తెచ్చింది, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళ కోసం. అందులో ఒక దారి ఏంటో తెలుసా? షాపులో ఉన్న నంబరుకి మిస్డ్ కాల్ ఇస్తారు, తిరిగి కాల్ వస్తుంది, పిన్ నొక్కితే డబ్బు పోతుంది.

మీ ఇంట్లో ఎన్ని రింగులకి ఏ అర్థం ఉండేదో అవ్వనో, నాయననో అడిగి కింద కామెంట్లో రాయండి. బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో ఊరి పేరుతో చదువుతా.